మెట్టరైతు ఇంట ఉపవృత్తి

ఆదోని, యెమ్మిగనూరు, పత్తికొండ ప్రాంతములలో సేద్యమనగా ముఖ్యముగా వానసేద్యమే. తుంగభద్ర కాలువనీరు కొన్ని గ్రామములకు అందినను, తక్కిన భూములకు ఆకాశమే చెరువు. తొలకరిలో వేరుసెనగయు, ఆముదమును, కందియు విత్తు ఎర్రనేల రైతునకైనను, పత్తి తీసి శనగ కోయు నల్లరేగడి రైతునకైనను, మాఘ ఫాల్గుణములు దాటినది మొదలు మరల మృగశిర కార్తె వచ్చువరకు పొలమున చెప్పుకొనదగిన పని యుండదు. సంవత్సరమున నాలుగు మాసములు చేతులు ఊరకుండును. కాని పొయ్యి ఊరకుండదు, పశువు ఊరకుండదు, అప్పునకు పెరుగు వడ్డికి ఆటవిడుపు లేదు.

ఈ ఖాళీ మాసములను మనవారు గడపుచున్న మార్గములలో రెండింటిని గూర్చి మొదట చెప్పవలసియున్నది.

ఒకటి సుగ్గి. కన్నడమున ఈ మాటకు పంటకోతల కాలమని యర్థము; అది సంబరమునకు పేరు. మన పల్లెలలో అదే మాట ఇంటికి తాళమువేసి, మూటముల్లె కట్టుకొని, గుంటూరు సీమకు మిరపకోతకు పోవుటకు పేరైనది. ముసలివారు కావలికి మిగులుదురు. పిల్లలు తల్లిదండ్రుల వెంట పోదురు. బడి హాజరుపట్టీలో పేరు మిగులును గాని బల్లపై బాలుడు మిగులడు. సుగ్గికి పోవువారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. ఊరిలో పనియే యున్న ఎవరు పోవుదురు? కాని తెచ్చిన రూకలలో నుండి దారిఖర్చును, మందులఖర్చును, పిల్లవాని చదువునకు కలిగిన నష్టమును తీసివేసి మిగిలినదెంతయో లెక్కచూచువారు అరుదు.

రెండవది జొన్నగిరి వజ్రము. తొలివానలు కురిసి పైమన్ను కొట్టుకొనిపోగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి, పెరవలి పొలములలో వందలకొలది జనులు తలలు వంచి రాళ్లు వెదకుచుందురు. ఇరుగుపొరుగు జిల్లాలనుండియు వచ్చి చెట్లక్రింద కాపురము పెట్టువారు గలరు. ఈ గ్రామమే మౌర్యుల కాలపు సువర్ణగిరియని కొందరు చరిత్రకారులు తలచిరి. ఇచ్చటి నేలగర్భమున బంగారమున్నదనుట భూగర్భశాస్త్రజ్ఞులు నిరూపించిన విషయము. నేల ఐశ్వర్యవంతమైనదే; సందేహము లేదు. అయినను వజ్రము దొరకినవాని వార్త పది జిల్లాలకు ప్రాకును. దొరకక తిరిగిపోయిన వందలమంది వార్త వారి ఇంటి గడప దాటదు. దొరకినవానికైన దాని వెల తెలియదు. తూచువాడును, విలువ కట్టువాడును, కొనువాడును ఒక్క వర్తకుడే. అన్నిటికంటె ముఖ్యముగా, ఈ వెదకులాట విత్తుటకు పదును కుదిరిన దినములలోనే వచ్చును. రాతికొరకు విత్తు తప్పిన రైతునకు ఆ యేడు రాయియు లేదు, పంటయు లేదు.

కావున ఇల్లు విడువక, పొలము చెడక, వీలుచూచుకొని చేసికొనదగిన ఉపవృత్తులు మనకు కావలెననుటలో భిన్నాభిప్రాయము లేదు. ఈ మాట ప్రతి సభయందును వినబడుచునే యున్నది. మేము చెప్పదలచినది దానికి తరువాతి మాట. ఉపవృత్తి ఏదైనను కావచ్చును. దాని ప్రతిఫలము ఎవరి చేతికి పోవుచున్నదను ప్రశ్నయే ప్రధానము. ఆ ప్రశ్న అడుగక ప్రవేశించిన చోట ఉపవృత్తి ఉపవాసవృత్తి యగును.

ఇందుకు నిదర్శనము మన తెలుగుదేశముననే గలదు. పశ్చిమగోదావరి ప్రాంతపు నరసాపురమున క్రైస్తవ మిషనరీలు నూరేండ్లకు పైబడిన కాలమున లేసు అల్లికను నేర్పిరి. నాటినుండి వేలకొలది స్త్రీలు ఇంటిలో కూర్చుండి కొక్కెపుసూదితో అల్లిన లేసు విదేశములకు పోయినది. మరియా మీస్ అను జర్మను విదుషీమణి అక్కడి స్థితిగతులను పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. దారము ఇచ్చువాడు ఏజెంటు; అల్లినదానిని తీసికొనువాడును అతడే. ఒకతె పూవులు అల్లును, ఇంకొకతె వానిని కూర్చును. తుది వస్తువు ఎవరికి ఎంతకు అమ్ముడుపోవునో ఇద్దరికిని తెలియదు. వంటపని, పిల్లలపని చేసికొనుచునే దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లుచుండిన ఆ స్త్రీలను కార్మికులని ఎవరును అనలేదు. తీరికవేళ పొద్దుపుచ్చు గృహిణులనిరి. ఆ ఒక్క మాటతో కూలి అడుగు హక్కు పోయినది. ఎగుమతి వర్తకుల మేడలు లేచినవి. అల్లిన వ్రేళ్లకు మిగిలినది స్వల్పము.

"తీరికవేళ పని" అను మాటను మన రైతులు జాగ్రత్తగా వినవలెను. పొలమునుండి వచ్చి, నీరు తెచ్చి, వంటచేసి, పాలుపితికిన స్త్రీకి తీరికయనగా ఆమె నిద్రలో నుండి కోసికొనిన తునకయే. దానికి వెల లేదనువాడు ఆమె నిద్రను ఉచితముగా కొనుచున్నాడు.

అందుచే ఉపవృత్తి యందు చేరుటకు ముందు ప్రతివారును ఒక చిన్న లెక్క వేసికొనవలెను. ఊహకు ఒక ఉదాహరణము తీసికొందము. ఒకామె దినమునకు 4 గంటలు, నెలకు 26 దినములు కుట్టుపని చేసి 1,500 రూపాయలు సంపాదించినదనుకొనుడు. మొత్తము 104 గంటలు. మిషను అప్పు వాయిదా, దారము, సూదులు కలిసి 400 రూపాయలు పోగా మిగిలినది 1,100. గంటకు పదిన్నర రూపాయలు. ఎనిమిది గంటల దినమునకు సుమారు 85 రూపాయలు. పొలము కూలి దీనికంటె ఎంత హెచ్చో ఆమెకే తెలియును. "నెలకు పదునైదువందలు" అన్నప్పుడు లాభముగా తోచినది, "గంటకు ఎంత" అన్నప్పుడు నిజస్వరూపము చూపును. ఈ ప్రశ్న అడుగుట నేరము కాదు. 1935లో గాంధీమహాత్ముని ప్రేరణచే అఖిలభారత చరఖా సంఘమే ఈ ప్రశ్న వేసికొని, నూలు వడుకువారికి ఎనిమిది గంటల పనిని ప్రాతిపదికగా గొని జీవనమునకు చాలునట్టి కూలి నిర్ణయింపవలెనని తీర్మానించినది. ఖద్దరు వెల పెరుగునని తెలిసియే అట్లు చేసినది.

మరి మార్గమేది? దానికొరకు దూరము పోనక్కరలేదు. యెమ్మిగనూరు నాడు బళ్లారి జిల్లాలోని ఆదోని తాలూకాలో నుండెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు తాలూకాలు మనలో కలిసినవి. ఆ యెమ్మిగనూరున 1938లో మాచాని సోమప్పగారు నేతపనివారి సహకార సంఘమును స్థాపించిరి. ఆయన సేవకు 1954లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఇట్టి ఉత్పత్తి విక్రయ సంఘముల పద్ధతి సరళమైనది. నూలు సంఘము కొని సభ్యునకిచ్చును. సభ్యుడు తన ఇంటిలో, తన మగ్గముపై, తన వీలునుబట్టి నేయును. బట్టను సంఘమునకిచ్చి నిర్ణయించిన కూలి పొందును. అమ్మకపు లాభము సంఘమునదే గనుక సభ్యునిదే. నరసాపురమునను ఇంటిపనియే, యెమ్మిగనూరునను ఇంటిపనియే. అచట దారము వర్తకునిది. ఇచట నూలు సంఘముది. భేదమంతయు ఇందులోనే యున్నది.

ఈ సూత్రము నేతకు మాత్రమే చెందినది కాదు. 1946లో గుజరాతు దేశపు ఖేడా జిల్లా రైతులు తమ పాలను తామే కొలిచి, తామే అమ్ముకొను సంఘమును స్థాపించిరి. 1959లో బొంబాయి యందు ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో అప్పడముల పని మొదలిడిరి. అదియే లిజ్జత్ పాపడ్ అను మహాసంస్థ యైనది. పిండిని ఇంటికి కొనిపోయి, ఒత్తి, ఎండబెట్టి, తిరిగి తెచ్చియిచ్చు స్త్రీయే అందు భాగస్వామిని. తెలంగాణమున ముల్కనూరు స్త్రీలు పాడి సహకార సంఘమును నెలకొల్పి, స్వకృషి యను పేర పాలను విక్రయించుచున్నారు. వీరెవరును ధనవంతులుగా ప్రారంభింపలేదు.

ఇక మన గ్రామములకు ఏవి తగినవి? కొత్త వస్తువులకై దేశాలు తిరుగనక్కరలేదు, ఇంటిముందున్నవానినే చూడవలెను. వేరుసెనగ కట్టెయు, జొన్నచొప్పయు ఉన్న యింట ఒక పాడిపశువు నిలుచును. గుత్తి-పత్తికొండ ప్రాంతమందలి ఎర్రగుడి బండలపై అశోకచక్రవర్తి చెక్కించిన శాసనములలో మనుష్యులకును పశువులకును వైద్యము ఏర్పరచిన సంగతి గలదు. రెండువేల రెండువందల యేండ్లనాడు బండకు తెలిసిన విషయము నేటికిని మన పల్లెలకు సకాలమున అందుటలేదు. పశువైద్యుడు వచ్చు దినము నిశ్చయము కానిచో పాడి జూదమే. నాటుకోళ్లు, గొర్రెలు తక్కువ పెట్టుబడితో పెరుగును. వేసవిలో చింతపండు కొట్టి గింజ తీయుట, తొలకరిలో వేపగింజ లేరుట ముసలివారును చేయగల పనులు.

టమాటను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. పత్తికొండ బజారున వెల పడిపోయినపుడు పండ్లను బాటప్రక్కన పారబోయు దుఃఖకరదృశ్యము మనము చూచినదే. టమాటలో నూటికి తొంబదినాలుగు పాళ్లవరకు నీరే. నూరు కిలోలు కోసి, ఉప్పు చల్లి, శుభ్రమైన బట్టపై వలక్రింద ఎండబెట్టిన వరుగు కొద్ది కిలోలే యగును. దానిని గాలిచొరని డబ్బాలలో నిలువచేసి వెల వచ్చినపుడు అమ్మవచ్చును. ఎండ మనకు కొదువ లేదు. కాని ఒక్క ఇంటి ఐదు కిలోల వరుగును వెదకికొని ఏ వర్తకుడును రాడు; ఏబది ఇండ్ల వరుగు ఒకచోట చేరిన వచ్చును. అందుకే సంఘము.

కొందరు "మన సంఘము విత్తనములకు, ఎరువులకు, అప్పులకు ఏర్పడినది, ఈ ఆడవారి పనులు మనకేల?" అందురు. అప్పు తిరిగి రావలెనని కోరు సంఘమునకు సభ్యుని ఇంట వేసవిలో ఆదాయ మున్నదా లేదా యనునది పట్టనిదెట్లగును? వాన తప్పిన యేడు వాయిదా చెల్లించునది పాలడబ్బే. మరికొందరు "సరకు తయారైనను కొనువారెవరు?" అందురు. ఈ సందేహము న్యాయమైనది. కొనువారిని కుదుర్చుకొనక శిక్షణల మీద శిక్షణలిచ్చి మిషనులు పంచిన చోట అవి మూలబడును. ముందు బేరము, పిమ్మట పని. ఇది తలక్రిందులు కారాదు.

ఇంకొక హెచ్చరిక. నేడు చేతి ఫోనులో "ఇంటివద్దనే పని, దినమునకు వేల రూపాయలు, ముందుగా కొంత రుసుము చెల్లింపుడు" అను ప్రకటనలు వచ్చుచున్నవి. పని యిచ్చువాడు కూలి యిచ్చును గాని కూలివానివద్ద డబ్బు అడుగడు. ముందు సొమ్మడిగిన ప్రతివాడును మోసగాడేయని తలంచుడు. మోసపోయినవారు సిగ్గుపడి ఊరకుండక వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు నిచ్చినచో సొమ్ము నిలిపివేయు అవకాశము గలదు. ఆలస్యమైనకొలది ఆ యవకాశము తగ్గును.

మా సూచనలు ఇవి. సంఘ సర్వసభ్య సమావేశమున చర్చింపుడు.

1. ప్రతి గ్రామమున ఒక్క ఉపవృత్తితో ప్రారంభింపవలెను. పది మొదలుపెట్టి పదియు చెడగొట్టుకొనరాదు.

2. ముడిసరకు సంఘము కొని సభ్యులకీయవలెను. సరకు తూకము సభ్యుల యెదుటనే జరుగవలెను.

3. ప్రతి పనికిని కూలిరేటు గంటల లెక్కపై నిర్ణయించి, పలకపై వ్రాసి, అందరు చదువునట్లు గోడకు తగిలింపవలెను. పొలము కూలికి తగ్గిన రేటున్న పనిని సంఘము చేపట్టరాదు.

4. డబ్బు నిర్ణీత దినమున, పనిచేసిన వ్యక్తి పేరనే చెల్లింపవలెను. పని భార్యది, పాసుపుస్తకము భర్తది కారాదు.

5. పనిచేయు స్త్రీలు సంఘమున ఓటుగల సభ్యులు కావలెను. లెక్కలు అడుగు హక్కు లేనివారు భాగస్వాములు కారు, కూలివారే.

ఇది చేసినంతమాత్రమున మన సీమకు కరవు తప్పునని మేము చెప్పము. వాన మన చేతిలో లేదు. ఒక యింట ఒక వేసవి సుగ్గి తప్పినను, ఒక పిల్లవాడు పరీక్షల వరకు బడిలో నిలిచినను, తొలకరికి విత్తనపు గింజలకై షాహుకారు గడప త్రొక్కక రైతు గొర్రు కట్టినను, ఆ మేరకు మన సంఘము పేరునకు తగిన పని చేసినదగును. జొన్నగిరి వజ్రము ఎవరికి దొరకునో చెప్పగలవాడు లేడు. ఇంటిలో చేసిన పనికి తగిన కూలి మాత్రము పదిమంది కలిసి కూర్చుండిన దొరకును. వచ్చు వేసవికి ముందే కూర్చుందము.