రక్తం ఎర్రన, సాక్ష్యం తెల్లన

పరగడుపున గాజు సీసాలో పట్టిన మూత్రం కాఫీ డికాక్షన్‌లా ఉంటుంది. అదే మనిషి మధ్యాహ్నం పడితే మామూలు రంగే. మన బరంపురంలోనో, గంజాం పల్లెల్లోనో ఈ సంగతి చెబితే ‘కామెర్లు, పసరు మందు పోయించండి’ అంటారు. మలేరియా మాత్రలు వాడినవాళ్లయితే అనుమానం వాటి మీదికి పోతుంది. ప్రిమాక్విన్ పడని ఒంట్లో అలా జరిగే మాట నిజమే. జ్వరం లేదు, ఏ మందూ వాడలేదు, అయినా నెలల తరబడి రక్తం తగ్గిపోతోందంటే మాత్రం పీఎన్‌హెచ్ అనే అరుదైన జబ్బును తలుచుకోవాలి.

1882లో జర్మన్ వైద్యుడు పాల్ స్ట్రూబింగ్, బండ్లు చేసే 29 ఏళ్ల యువకుడిలో దీన్ని వివరంగా చూశాడు. మూలం ఏ జన్యువులో ఉందో 1993లో గానీ తేలలేదు. ఎముక మూలుగలోని ఒక మూలకణంలో పిగ్-ఎ జన్యువు, మనిషి పుట్టాక ఎప్పుడో చెడుతుంది. ఇక ఆ కణం నుంచి వచ్చిన వాటన్నిటికీ పైపొర మీద కొన్ని ప్రోటీన్లను పట్టి ఉంచే కొక్కెం ఉండదు. ఎర్ర కణం కవచం ఆ కొక్కేనికే వేలాడాలి. అది లేకపోతే ఒంటి రక్షణ వ్యవస్థే ఆ కణాన్ని పగలగొడుతుంది. తెల్ల కణాలకూ అదే లోటు: న్యూట్రోఫిల్ మీద సీడీ16, మోనోసైట్ మీద సీడీ14 కనిపించవు.

ఎర్ర కణాలను మాత్రమే పరీక్షిస్తే మోసపోతాం. చెడ్డవి అప్పటికే పగిలిపోయి ఉంటాయి, రక్తం ఎక్కించి ఉంటే దాత కణాలు కలిసిపోతాయి. తెల్ల కణాలు అలా పగలవు. ఫ్లో సైటోమెట్రీ అనే పరీక్షలో వాటిని లెక్కిస్తేనే జబ్బు ఎంత పాకిందో తేలుతుంది. అందుకు కాస్త రక్తం చాలు, కాకపోతే తాజాగా ఉండాలి. 1962 నుంచి ఈ ప్రాంతానికి దిక్కయిన ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రిలో రక్తం తీసిన రోజే ట్యూబు ల్యాబుకు చేరే ఏర్పాటు గట్టిగా ఉండాలి. విశాఖకో, కాట్పాడి రైలెక్కి వెల్లూరుకో ప్రయాణం చేయాల్సింది ఆ ట్యూబు, నీరసించిన మనిషి కాదు. ఆలస్యమైతే కడుపులోని రక్తనాళాల్లో గడ్డ కట్టి ప్రాణం మీదికి వస్తుంది.

ఈ జబ్బుకు మందు లేదని కాదు. 2007లో అమెరికాలో ఆమోదం పొందిన ఎక్యులిజుమాబ్ ఉంది, కానీ ఖరీదు మన ఇళ్లకు అందదు. వాడేవాళ్లకు ముందే మెనింజోకాకస్ టీకా పడాలి.

ఇంకొకటి కోపంతోనే రాస్తున్నాను. ‘వాళ్ల వంశంలో రక్తం జబ్బుందట’ అని పెళ్లి సంబంధాలు తప్పించకండి. ఇది తల్లిదండ్రుల నుంచి రాదు, పిల్లలకు పోదు. సికిల్ సెల్, తలసీమియాలతో దీన్ని కలపకండి.

ఇంట్లో ఎవరికైనా పొద్దుటి మూత్రం రంగు మారితే రెండు పూటలా వేర్వేరు సీసాల్లో పట్టి, మీద టైము రాసి, డాక్టరు బల్ల మీద పెట్టండి.