ముప్పదియైదేండ్ల గడప

జమ్మలమడుగు ప్రాంతమున ఉక్కు కర్మాగారమునకు 2007లో పునాదిరాయి పడినది. 2018లో కంబాలదిన్నె యొద్దను, 2019లో సున్నపురాళ్లపల్లె యొద్దను మఱల రాళ్లు పడినవి. 2023లో ఇంకొక భూమిపూజ జరిగినది. తొలి రాయి పడిన నాటికి ఇరువదియేండ్లవాడై, పదవ తరగతితో చదువు చాలించి, నేడో రేపో పని దొరకునను ఆశతో ఊరు విడువక నిలిచిన యువకుడు నేడు నలువదికి చేరువైనాడు. గ్రామీణ నిరుద్యోగులకై 2014లో దీనదయాళ్ ఉపాధ్యాయ పేర వెలసిన శిక్షణ పథకమో, సామాన్యముగా 35 ఏండ్లు దాటిన పురుషుని చేర్చుకొనదు. కర్మాగారమునకై ఎదురుచూచుచుండగనే అతని యీడు ఆ గడప దాటిపోయినది. ఇంతకు మించిన అన్యాయము నాకు తోచుట లేదు.

డిగ్రీ లేనివానిని పని రానివానిగా నెంచుట మఱియొక పొరపాటు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వెనుక సందులలో కుంపటి యెదుట కూర్చుండి, కమ్మచ్చు బెజ్జములలో ఒకదాని వెంట నొకటిగా తీగను లాగుచు, అది బిరుసెక్కినపుడెల్ల నిప్పున కాల్చి మెత్తపఱచి, వెండ్రుకంత సన్నము చేయు స్వర్ణకారుని నేర్పు ఏ పట్టాకును తీసిపోదు. 1963లో స్వర్ణ నియంత్రణము 14 క్యారెట్లు మించిన నగల తయారీని నిషేధించినపుడు ఆ వృత్తివారి పొయ్యిలో పిల్లి లేవలేదు. ఇప్పుడు యంత్రపు నగలు వచ్చి వారి మజూరీని హరించుచున్నవి. అట్టివానికి ఓనమాలు దిద్దింపనక్కఱలేదు. కంప్యూటరుపై నమూనా గీయుటయు, లేజరుతో అతుకుటయు నేర్పిన చాలును. అట్లే పులివెందులలో బోరు మోటారు కాలిన రాత్రి చీనీతోట రైతు పరుగెత్తిపోయి తలుపు తట్టునది, డిగ్రీ లేకున్నను మోటారుకు తీగ చుట్టు పనివాని యింటనే గదా!

అయితే శిక్షణకు పోయిన దినమున కూలి పోవును, ఇంట బియ్యము నిండుకొనును. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకము స్వర్ణకారులతో గూడ 18 వృత్తులవారికి శిక్షణ కాలమున దినమునకు రూ. 500 భత్యమిచ్చుట ధర్మమైన పని. కాని తొలి శిక్షణ ఐదు నుండి ఏడు దినములతో ముగియుట చాలదు, ప్రొద్దుటూరు మగ్గములపై బ్రతుకు చేనేతవారి వృత్తి ఆ 18లో లేదు. ఈడు నియమమును సడలించి, భత్యమును నెలల కొలది సాగించి, అంగళ్లు మూసిన పిమ్మట రాత్రివేళ పాఠము చెప్పు కేంద్రమును ముందు ప్రొద్దుటూరిలో నొక్కటి తెఱువవలెను. ఆ కుంపటి ప్రక్కన పనిచేయు వృద్ధ స్వర్ణకారునే అందు గురువుగా నియమింపవలెను.