బండికి తాళం వేయాలి, ఊరికి ముద్ర కాదు

ఒకప్పుడు పల్లెటూళ్ళలో ఎడ్ల జత దొంగతనానికి గురైతే ఆ యింట ఆ పూట పొయ్యి వెలిగేది కాదు. నేడు ఆ ఎడ్ల స్థానంలోకి మోటారు సైకిలు, ట్రాక్టరు, కొందరి వాకిళ్ళలోకి కారు వచ్చాయి. వీటిలో చాలా భాగం అప్పు మీద, వాయిదాల మీద కొన్నవే. బండి పోయినా నెలసరి వాయిదా ఆగదు. అందువల్ల బండ్ల దొంగతనం పట్నవాసుల బాధ మాత్రమే అని తోసివేయడానికి వీలులేదు. బాపట్ల జిల్లాలో రేపల్లె నుంచి మార్టూరు దాకా ఏ ఊరి రైతుకైనా, చేనేత కార్మికునికైనా, చేపల వ్యాపారికైనా ఇది సొంత ఇంటి సమస్యే.

అయితే బండి పోయిన మరుక్షణంలో జరిగేదేమిటి? తాళం వేశారా లేదా అన్న విచారణ వెనక్కు పోతుంది. ‘ఇది ఫలానా పేటవాళ్ళ పనే’ అన్న తీర్పు ముందుకు వస్తుంది. పట్టణంలో అయితే రైలు కట్ట పక్కనున్న గుడిసెల మీదికి, జిల్లాలో అయితే స్టూవర్టుపురం మీదికి వేలు పోతుంది. సాక్ష్యం లేదు, విచారణ లేదు. తీర్పు మాత్రం సిద్ధంగా వుంటుంది. ఈ తీర్పు వల్ల ఆ పేటవారికి జరిగే అన్యాయం ఒక ఎత్తు. బండి యజమానికి దాని వల్ల చిల్లిగవ్వ ప్రయోజనం లేకపోవడం మరొక ఎత్తు.

ముద్ర ఎక్కడిది?

స్టూవర్టుపురం మీద పడిన ముద్ర ఆ ఊరివారు వేసుకున్నది కాదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. పుట్టుకతోనే మనిషిని దొంగగా లెక్కకట్టిన చట్టమది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడా వర్తించింది. 1913లో ఎరుకల కుటుంబాలను తెచ్చి బాపట్ల దగ్గర ఒక సెటిల్‌మెంటులో వుంచి, దాని నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. అదే స్టూవర్టుపురం. అక్కడివారు హాజరు చెప్పుకోవాలి. ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలిపని చేసిన చేతులలో వారి చేతులు కూడా వున్నాయి.

స్వాతంత్య్రం వచ్చాక 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. 1970ల నుంచి మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం, భర్త లవణంతో కలిసి ఆ ఊరిలో సంస్కరణ కార్యక్రమం నడిపారు. చట్టం పోయి డెబ్బయి ఏళ్ళు దాటింది. జనం నోటిలో మాత్రం అది ఇంకా అమలులోనే వున్నది.

ఆ ఊరిలో తప్పుచేసిన వారు ఎన్నడూ లేరని ఎవరూ అనరు. అటువంటివారు లేని ఊరు జిల్లాలో ఏది? ఒక పెద్ద కులం వున్న ఊరిలో ఒకడు దొంగతనం చేస్తే అది వాడి తప్పు అవుతుంది. స్టూవర్టుపురంలో ఒకడు చేస్తే ఊరి తప్పు అవుతుంది. ఇదేమి న్యాయం? పైగా అందరి కళ్ళూ ఆ ఒక్క దిక్కుకే తిరిగివుంటే, నిజమైన దొంగ మరొక దిక్కు నుంచి నిశ్చింతగా బండి తోలుకుపోతాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం అన్న సామెత ఇటువంటి చోటే పుట్టివుంటుంది.

సందు ఇచ్చేది ఎవరు?

బండ్ల దొంగలందరూ వంశపారంపర్యంగా ఆ వృత్తిలో వున్నవారు కారనడానికి పశ్చిమ జర్మనీ అనుభవం ఒక నిదర్శనం. అక్కడ 1980లో హెల్మెట్ లేకుండా మోటారు సైకిలు నడిపేవారికి అక్కడికక్కడే జరిమానా వేయడం మొదలుపెట్టారు. తలలు కాపాడటానికి పెట్టిన నిబంధన అది. ఫలితం మరొకటి కూడా కనిపించింది. ఆ ఏడాది సుమారు లక్షన్నర వున్న మోటారు సైకిళ్ళ దొంగతనాలు 1986 నాటికి సుమారు 54 వేలకు దిగిపోయాయి. దొంగ వద్ద హెల్మెట్ లేదు. లేకుండా బండి ఎక్కితే దారిలో పోలీసు ఆపుతాడు. అంతే కారణం. వాళ్ళందరూ ఆరితేరిన దొంగలే అయితే ఒక హెల్మెట్ వెంట తెచ్చుకోవడం ఎంత పని? పోనీ, కార్ల మీద పడ్డారా అంటే ఆ మేరకు కార్ల దొంగతనాలు పెరగనూ లేదు. సందు దొరికింది కనుక ఎత్తుకుపోయినవారే ఎక్కువమంది అన్నమాట.

కార్ల విషయంలోనూ అంతే. ఆ దేశంలో 1960ల తొలినాళ్ళలో పాతదా, కొత్తదా అన్న తేడా లేకుండా ప్రతి కారుకూ స్టీరింగు తాళం తప్పనిసరి చేశారు. దొంగతనాలు బాగా తగ్గాయి. బ్రిటన్‌లో 1971 నుంచి కొత్త కార్లకు మాత్రమే పెట్టారు. అక్కడి దొంగలు తాళం లేని పాత కార్ల వైపు మళ్ళారు. ‘నాది పాత బండి, దీనిని ఎవడు ఎత్తుకుపోతాడు’ అనుకునేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. దొంగకు బండి అందం అక్కర లేదు, సులువుగా రావాలి.

తాళం సంగతి

ఆదివారం నాడు సూర్యలంక సముద్రతీరానికి, బేరాల రోజులలో చీరాల బట్టల బజారుకు, రైలు అందుకోవడానికి స్టేషనుకు వచ్చేవారిలో ఎంతమంది బండికి హ్యాండిల్ లాక్ వేస్తున్నారు? ‘ఒక్క నిమిషంలో వస్తాను’ అని తాళంచెవి బండికే వదిలి టీకొట్టులోకి పోయేవారు ఎంతమంది? సముద్ర స్నానానికి దిగేముందు చెవిని చెప్పుల కింద ఇసుకలో దాచేవారు ఎంతమంది? దొంగకు కావలసింది ఆ ఒక్క నిమిషమే.

హ్యాండిల్ లాక్‌కు తోడు ముందు చక్రానికి డిస్క్ లాక్ గాని, స్తంభానికి కలిపి గట్టి చైను తాళం గాని వేయాలి. ఈ తాళాలకు అయ్యేది కొన్ని వందల రూపాయలే. పగలగొట్టలేని తాళం లోకంలో లేదు. కానీ దొంగకు పది సెకన్ల పని పది నిమిషాలు అయితే వాడు పక్కకు తప్పుకుంటాడు. పాత బండ్లకు అరిగిన తాళంలో ఏ చెవి పెట్టినా తిరుగుతుంది. ఆ తాళం మార్పించడం దండగ ఖర్చు కాదు.

ఒకే కంపెనీ ట్రాక్టర్లలో ఒక బండి చెవి ఇంకొక బండికి పట్టడం రైతులకు తెలియని విషయం కాదు. అందువల్ల ట్రాక్టరుకు మెకానిక్ చేత బ్యాటరీ తీగ తెంచే రహస్య స్విచ్ పెట్టించుకోవాలి. కోతల కాలంలో రాత్రి పూట కల్లంలో వదిలివేయవలసి వస్తే ట్రాక్టరును, ట్రక్కును గొలుసుతో కలిపి తాళం వేయాలి.

కారు వున్నవారు కంటికి కనిపించే స్టీరింగు రాడ్ లేదా గేరు లాక్ పెట్టాలి. అద్దాలు పూర్తిగా ఎత్తాలి. సీటు మీద సంచి, ఫోను కనిపించరాదు. తెలియని వీధిలో, గొడవల పేటలో కారు ఆపవలసి వస్తే దీపస్తంభం కింద, నలుగురూ తిరిగే చోట ఆపాలి. కిళ్ళీ కొట్టతన్ని, టీకొట్టతన్ని ‘అన్నా, కాస్త కనిపెట్టి వుండు’ అని అడగాలి. ఆ పేటను ‘దొంగల పేట’ అని పిలిచిన నోటితో ఈ మాట అడగడం సాధ్యం కాదు. అక్కడి మనిషిని మనిషిగా పలకరించినవానికి మాత్రమే ఆ కాపలా దొరుకుతుంది.

బటను నొక్కితే స్టార్టయ్యే కొత్త కార్ల చెవిని వీధి గుమ్మం పక్కన మేకుకు తగిలించరాదు. ఆ చెవి నుంచి వచ్చే సంకేతాన్ని గోడ బయటి నుంచే యంత్రంతో అందుకుని కారు తెరిచే విద్య కూడా దొంగలు నేర్చారు. చెవిని మూత వున్న ఇనప డబ్బాలో వేసి లోపలి గదిలో వుంచడం క్షేమం. అసలు రిజిస్ట్రేషను కాగితాలు బండిలో వదలరాదు. అవి దొంగ చేతికి చిక్కితే బండి అమ్ముకోవడానికి వాడికి మరింత వీలవుతుంది. డిజీలాకర్‌లోని పత్రం చూపినా తనిఖీలో చెల్లుతుంది.

కాగితాలు లేని బండి

చెప్పుకోవడానికి ఇష్టం లేని విషయం మరొకటి వున్నది. కొనేవాడు లేకపోతే దొంగ ఎత్తుకుపోయిన బండిని ఏం చేసుకుంటాడు? ‘చేల గట్ల మీదికే గదా, చెరువు మీదికే గదా, కాగితాలు ఎందుకు’ అని సగం ధరకు బండి కొనేవారు పెద్దమనుషులుగా చెలామణీ అయ్యే ఊళ్ళలోనే వున్నారు. దొంగ ఏ పేటవాడైనా, వాడిని పోషించేది ఈ బేరమే.

దొంగ సొత్తని తెలిసి గాని, అలా అనుమానించడానికి కారణం వుండి గాని కొన్నవానికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద 3 ఏళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చును. దొంగతనం చేసినవానికి 303వ సెక్షను కింద సాధారణంగా పడే గరిష్ఠ శిక్ష కూడా 3 ఏళ్ళే. చట్టం దృష్టిలో ఇద్దరికీ పెద్ద తేడా లేదన్నమాట.

పాత బండి కొనేటప్పుడు చాసిస్ నంబరు, ఇంజను నంబరు రిజిస్ట్రేషను పత్రంతో సరిచూడాలి. నంబరు చెరిపి తిరిగి కొట్టిన జాడ వుంటే ఆ బేరం వదులుకోవాలి. ఎం పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి వివరాలు చూడవచ్చును. 2019 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త బండ్లకు హై సెక్యూరిటీ నంబరు ప్లేటు వుండాలి; దాని స్థానంలో మామూలు ప్లేటు వుంటే కారణం అడగాలి. కొన్నవారు 30 రోజులలో, రాష్ట్రంలోనే అమ్మినవారు 14 రోజులలో రవాణా కార్యాలయానికి తెలియజేయాలన్నది చట్టం. పేరు మార్చకుండా వదిలిన బండి ఏ నేరంలో పట్టుబడినా పోలీసులు మొదట తట్టేది పాత యజమాని తలుపే.

పోయిన తరువాత

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన చందంగా వుండరాదు. బండి పోయిందని తెలియగానే 112కు ఫోను చేసి, ఆ రోజే పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వాలి. ‘అది మా పరిధి కాదు’ అని తిప్పి పంపడానికి వీలులేదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం తీసుకోవాలి. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి తపాలా ద్వారా ఫిర్యాదు పంపవచ్చును. ఫోను ద్వారా, కంప్యూటరు ద్వారా ఫిర్యాదు పంపినవారు 3 రోజులలో వెళ్ళి సంతకం చేయాలి.

ఇన్సూరెన్సు కంపెనీకి, అప్పు ఇచ్చిన బ్యాంకుకు కూడా వెంటనే తెలపాలి. ఒక ట్రాక్టరు దొంగతనం కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రైతులకు ఊరట. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి వుంటే, కంపెనీకి ఆలస్యంగా తెలిపారన్న ఒక్క కారణంతో క్లెయిము తోసివేయరాదని ఆ తీర్పు సారాంశం. అయితే బండి రెండు తాళంచెవులూ కంపెనీ అడుగుతుంది. చెవి బండిలోనే వదిలినవారు అక్కడ చిక్కులో పడతారు.

చాలామందికి తెలియని తిరకాసు ఇంకొకటి వున్నది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త మోటారు సైకిలుకు 5 ఏళ్ళ, కొత్త కారుకు 3 ఏళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి అయింది. ‘ఐదేళ్ళు ఇన్సూరెన్సు వుంది’ అన్న ధీమా అక్కడి నుంచే వచ్చింది. థర్డ్ పార్టీ పాలసీలో దొంగతనానికి పైసా రాదు. సొంత బండి నష్టానికి కట్టే భాగం సాధారణంగా ఏడాదికే చెల్లుతుంది. దానిని ఏటా తిరిగి కట్టాలి. పాలసీ కాగితం ఈ రోజే తీసి, చదవగలిగినవారి చేత చదివించుకోవడం మంచిది.

ఊరు చేయవలసిన పని

జనం పోగయ్యే ప్రతిచోటా వెలుతురు, కాపలా, చీటీ ఇచ్చే స్టాండు వుండేలా చూడటం పంచాయతీల, మునిసిపాలిటీల బాధ్యత. బండి పోయినవాని ఫిర్యాదు తిప్పి పంపకుండా తీసుకోవడం పోలీసుల బాధ్యత. అనుమానం వచ్చినప్పుడల్లా ఒకే పేటకు పోయి కుర్రాళ్ళను స్టేషనుకు తీసుకురావడం దర్యాప్తు కాదు. నలుగురు అమాయకులు దెబ్బలు తిన్న తరువాత కూడా బండి దొరకదు. పైగా రేపు కంటితో చూసిన నిజం చెప్పడానికి ఆ పేటలో ఒక్క సాక్షి కూడా మిగలడు.

స్టూవర్టుపురంలోని రైతుకూ బండి వున్నది. అది పోతే అతనూ స్టేషను మెట్లు ఎక్కాలి. ‘నీ బండి పోవడమేమిటి’ అని అక్కడ ఎవరైనా నవ్వితే, అది 1871 నాటి చట్టం నవ్విన నవ్వే అవుతుంది. ఆ ఫిర్యాదును కూడా అందరి ఫిర్యాదు మాదిరిగానే రాసుకున్న రోజున జిల్లాలో ఆ చట్టం నిజంగా రద్దయినట్లు లెక్క. అందాకా ప్రతివారూ చేయగల పని ఒకటి వున్నది. రాత్రి పడుకోబోయే ముందు వాకిట్లోకి వెళ్ళి బండి తాళం ఒకసారి లాగి చూడటం.