ఎన్నికల ముంగిట అపవాదము

పత్రికాధిపతులు తాము ప్రజలకు కన్నులవంటివారమని చెప్పుకొనుచుందురు. ఎన్నికలు దాపురించినప్పుడు ఆ కన్నులకే గంతలు కట్టబడుట మేమెరుగుదుము.

1924 అక్టోబరు 25వ తేదీన లండనునందలి డెయిలీ మెయిల్ పత్రిక యొక లేఖను ప్రకటించెను. కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ అధ్యక్షుడు జినోవియెవ్ బ్రిటిషు కమ్యూనిస్టులను తిరుగుబాటునకు పురికొల్పుచు దానిని వ్రాసెనట! ఎన్నికకు మిగిలినవి నాలుగు దినములే. జినోవియెవ్ అది తనది కాదనెను. మూలపత్రము నెవ్వరును చూపరైరి. ఐనను అపవాదము రాంసే మాక్డొనాల్డుగారి లేబరు ప్రభుత్వమునకు చుట్టుకొనెను. లేబరు స్థానములు 191 నుండి 151కి దిగెను. అది దాదాపు నిశ్చయముగా కూటలేఖయే యని బ్రిటిషు విదేశాంగ శాఖ చరిత్రకారిణి 1999లో గాని తేల్చలేదు. డెబ్బదియైదేండ్ల పిమ్మట వచ్చిన తీర్పు ఓటు వేసినవారి కేమి యుపకరించును?

ఆ లేఖ యొక్కటియే ఓటమికి కారణమని మేము చెప్పము; లేబరు పక్షమునకు వచ్చిన ఓట్లు వెనుకటికంటె హెచ్చెను. మా ప్రశ్న ఓట్ల లెక్కనుగూర్చినది కాదు. బదులు చెప్పుటకు వ్యవధి లేని వేళ నింద మోపుట న్యాయమా? ఎన్నికల వేళ పాలకుల తప్పులను దాచవలెనని మా మతము కాదు. తప్పును బయటపెట్టుట పత్రికల ధర్మమే; రుజువు చూపుట అంతకు ముందటి ధర్మము.

చదువరులారా! దోషము పత్రికలదే కాదు. పొరుగింటివారిపై నింద విన్నచో “చూచినవారెవరు?” అని యడుగవలెనని బిడ్డలకు నేర్పు మనము, అచ్చులో కనబడినంతనే యేల నమ్ముచున్నాము? ఓటు వేయుటకు ముందు పత్రికను సయితము ఆ ప్రశ్న యడుగుడు.