సైన్స్ ఫెయిర్‌లో అగ్నిపర్వతం, ఊళ్లో ఎండిన బోరు

ఆ మధ్య తెలంగాణలో ఒక సైన్స్ ఫెయిర్‌కు న్యాయనిర్ణేతగా వెళ్లాను. ఒకే వరుసలో నాలుగు అగ్నిపర్వతాలు కనిపించాయి. మట్టి కొండ, లోపల వంట సోడా, పైనుంచి వెనిగర్, ఎర్ర రంగు. నురగ పొంగగానే చప్పట్లు. చివరి కొండ దగ్గర నిలబడిన ఎనిమిదో తరగతి అమ్మాయి నన్నే ఒక ప్రశ్న అడిగింది. "సార్, మా చెల్కల మూడు బోర్లు ఏశినం, నీళ్లు పడలే. పక్కోళ్లకు ఒక్క బోరుకే పడ్డయి. ఎందుకు సార్?"

నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చదివాను. లోలకం ఆవర్తన కాలం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ కాళ్ల కింది రాయి గురించి బడిలో ఎవరూ నాతో ఒక్క ప్రయోగమూ చేయించలేదు.

లోపం ఎక్కడుంది? మన బడుల్లో భూమి గురించిన పాఠాలు ఎక్కువగా సాంఘికశాస్త్రంలో ఉంటాయి. ఆ సబ్జెక్టుకు ప్రయోగశాల ఉండదు. ప్రయోగశాల ఉన్న సైన్సులో భూమికి చోటు తక్కువ. ఈ రెండింటి మధ్య మిగిలింది ఆ నురగ కొండ ఒక్కటే. అది చూపేది ఆమ్లానికి, క్షారానికి మధ్య జరిగే చర్య. నిజమైన అగ్నిపర్వతంలో కరిగిన శిల, అందులో ఇమిడి ఉన్న వాయువులు పైకి వస్తాయి. పైగా మన దక్కన్ కథే వేరు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడి లావా ప్రధానంగా పొడవాటి పగుళ్ల నుంచి పారి, పొరలు పొరలుగా పేరుకుంది. నేటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. వికారాబాద్ వైపు, రాజమహేంద్రవరం దగ్గరి కాటేరు, పంగిడి ప్రాంతాల్లో కనిపించే నల్లరాయి ఆ కాలపు లావాయే. ఆ రాయిని పిల్లల చేతికి ఇవ్వడం మానేసి మట్టి కొండ కట్టిస్తున్నాం.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబిచ్చే ప్రయోగం దీనికంటే చవక. అర కిలో ఇటుక ముక్క, అంతే బరువున్న గట్టి గ్రానైట్ ముక్క తీసుకోండి. బాగా ఎండబెట్టి తూచండి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తడి తుడిచి మళ్లీ తూచండి. ఇటుక రకాన్ని బట్టి 50 నుంచి 100 గ్రాముల దాకా బరువు పెరగవచ్చు. గ్రానైట్ మాత్రం ఒకటి రెండు గ్రాములు పెరిగితే గొప్ప. గట్టి గ్రానైట్‌లో నీరు నిలిచే చోటే లేదని పిల్లలకు త్రాసే చెబుతుంది. మరి బోరులోకి నీళ్లెలా వస్తాయి? తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల నేల కింద ఉన్నది ఇలాంటి గట్టి శిలే. నీరు దొరికేది పైనున్న శిథిలమైన పొరలోనూ, లోతున ఉన్న పగుళ్లలోనూ. పగులు తగిలిన బోరుకు నీళ్లు, తగలని బోరుకు దుమ్ము. అప్పు చేసి నాలుగో బోరు వేయాలా వద్దా అని ఆలోచించే ఇంట్లో ఈ సంగతి తెలియడం చిన్న విషయం కాదు.

ఇంకొకటి. గిన్నెలో ఇసుక పోసి, పైపొర వరకు రాకుండా నీళ్లు నింపి, మీద బరువైన రాయి పెట్టండి. గిన్నె అంచును వరుసగా తట్టండి. నీరు పైకి వస్తుంది, రాయి కుంగుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు కచ్ రణ్‌లో ఇలాగే ఇసుక, నీరు పైకి చిమ్మాయి. 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు హైదరాబాద్‌లోనూ జనం ఉలిక్కిపడ్డారు. 'మన దగ్గర భూకంపాలు రావు' అనే ధీమా పిల్లలకు అందించదగిన పాఠం కాదు.

ప్రయోగం చేస్తే చాలని నేను అనను. గిన్నె భూమి కాదు, రాయి ఇల్లు కాదు. అందుకే ప్రతి ప్రయోగం చివర పిల్లల్ని ఒక మాట అడగాలి: ఈ నమూనా నిజం నుంచి ఎక్కడ పక్కకు పోతోంది? నురగ కొండ దగ్గర కూడా ఈ ప్రశ్న అడిగితే, అదీ పాఠమే అవుతుంది.

సిలబస్ పూర్తికాదు, టైం లేదు అని ఉపాధ్యాయులు అంటారు. ఆ ఇబ్బంది నిజమే. పరీక్షలో జ్ఞాపకానికే మార్కులు వేస్తూ, ప్రయోగాలు చేయించలేదని వాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. అయినా దారి లేదనలేం. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలలతో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం, పల్లెటూరి బడుల్లో చవక సామగ్రితో ప్రయోగాలు చేయించి చూపింది. మూడు దశాబ్దాలు నడిచాక 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. అంటే పిల్లలకు చేతకాక ఆగలేదు, వ్యవస్థ వెంట నిలవక ఆగింది.

కాబట్టి నేను కోరేది కొంచెమే. ప్రతి బడి ఏడాదికి కనీసం మూడు ప్రయోగాలు తన ఊరి రాయి, మట్టి, నీళ్లతో చేయించాలి. వాటి మీద పరీక్షలో ఒక్క ప్రశ్నయినా రావాలి. సైన్స్ ఫెయిర్‌లో మార్కులు వేసే మాలాంటివాళ్లం నురగ ఎంత ఎత్తుకు పొంగిందని కాకుండా, నీ ఊరి గురించి ఏం తెలుసుకున్నావని అడగాలి. ఆ రోజు నేను మార్కులు వేసింది కొండకు. వేయాల్సింది ఆ అమ్మాయి ప్రశ్నకు.