గీయడం నేర్పారు, విప్పి చూడటమూ నేర్పండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల సాంకేతిక విద్య, శిక్షణ మండళ్ల కార్యదర్శి గార్లకు,



పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా పూర్తి చేసి డ్రాఫ్టింగ్ ఆఫీసుల్లో చేరే పిల్లలకు పని చూపించేవాణ్ణి నేను. వాళ్ల తరఫున మీకో విన్నపం. ఖాళీ తెర మీద ఇంటి ప్లాన్ గీయమంటే వాళ్లు చక్కగా గీస్తారు. గోడ మందం తప్పదు, కొలతలు తప్పవు. కానీ ఆఫీసులో ఖాళీ తెర ఎవరిస్తారు? ఆర్కిటెక్టు పంపిన ఫైలు, ఎప్పుడో మానేసిన ఉద్యోగి వదిలిపోయిన ఫైలు చేతిలో పెడతారు. అందులో లేయర్లు వందల్లో ఉంటాయి. కొన్ని గీతల్ని ఒకే వస్తువుగా కట్టేసిన బ్లాకులుంటాయి, బ్లాకులో బ్లాకు, దాంట్లో ఇంకో బ్లాకు. పిల్లలు ఆగిపోయేది అక్కడే.

ఒక అపార్ట్‌మెంట్ ప్లాన్ తీసుకోండి. ఎలక్ట్రికల్ డ్రాయింగ్ కోసం బాత్రూమ్ సామాను కనబడకుండా చేయాలి. బాత్రూమ్ మొత్తం ఒకే బ్లాకు, అది శానిటరీ లేయర్‌లో ఉంది. ఆ లేయర్‌ని ఆఫ్ చేస్తే కొన్ని గీతలు పోతాయి, వాష్ బేసిన్ మాత్రం అలాగే ఉంటుంది. అదే లేయర్‌ని ఫ్రీజ్ చేస్తే మొత్తం మాయమవుతుంది. దీన్ని చూసిన కొత్త కుర్రాడు అనే మాట ఒకటే: “ఫైల్ కరప్ట్ అయింది సార్.”

ఫైలుకి ఏమీ కాలేదు. బేసిన్ వేరే బ్లాకుగా, వేరే లేయర్ మీద, పెద్ద బ్లాకు లోపల ఉంది. బ్లాకును పెట్టిన లేయర్‌ని ఫ్రీజ్ చేస్తే లోపలివి ఏ లేయర్‌లో ఉన్నా అన్నీ పోతాయి. ఆఫ్ చేస్తే ఆ లేయర్‌కి చెందినవే పోతాయి. లోపల సున్నా లేయర్ మీద గీసిన గీతలు మాత్రం బ్లాకును ఏ లేయర్‌లో పెడితే ఆ లేయర్‌వి అయిపోతాయి. ఆటోక్యాడ్‌లో సున్నా లేయర్‌ని తీసేయడానికీ, పేరు మార్చడానికీ కుదరదు. బ్లాకు లేయర్‌ని ఇలా అందుకోవడమే దాని అసలు ప్రత్యేకత అని చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఈ ఒక్క సూత్రం గంటసేపు నేర్పితే చాలు, ఆఫీసుల్లో వృథా అయ్యే పూటలెన్నో మిగులుతాయి.

చెప్పేవాళ్లు లేనప్పుడు పిల్లలు పట్టుకునే ఆయుధం, బ్లాకును విడి గీతలుగా పగలగొట్టే ఎక్స్‌ప్లోడ్. దానితో జరిగే నష్టం మీరు దగ్గర నుంచి చూడాలి. తలుపు బ్లాకులో తలుపు నంబరు ఆట్రిబ్యూట్‌గా ఉంటుంది. పగలగొట్టగానే ‘డి1’ అని ఉన్నచోట ఆ ఆట్రిబ్యూట్ ట్యాగ్ పేరు ప్రత్యక్షమవుతుంది. నంబరు పోయింది. సున్నా లేయర్ మీద గీసిన గీతలు మళ్లీ సున్నా లేయర్‌కే వెళ్లిపోతాయి. డ్రాయింగులోంచి తలుపుల పట్టిక తీసేవాళ్ల లెక్కలో ఆ తలుపు ఇక ఉండదు, ఎస్టిమేటు తప్పుతుంది. కాగితం మీద చూస్తే మాత్రం తలుపు బొమ్మ భేషుగ్గా ఉంటుంది. అందుకే ఇది ప్రమాదం. తప్పనిసరై విప్పాల్సి వస్తే ఆట్రిబ్యూట్ విలువల్ని మామూలు అక్షరాలుగా నిలబెట్టే బర్స్ట్ కమాండ్ ఉంది. విప్పకుండానే లోపలి గీత ఏ లేయర్‌లో, ఏ బ్లాకులో ఉందో ఎక్స్‌లిస్ట్ చెబుతుంది. ఆ బ్లాకుని ఎడిటర్‌లో తెరిచి ఒక్కచోట సరిచేస్తే ఫైలంతా సరవుతుంది.

లేయర్ రంగు మార్చినా గీత రంగు మారకపోవడం, తెర మీద ఉన్నది ప్రింటులో రాకపోవడం కూడా ఇలాంటి చిక్కులే. మొదటిదానికి కారణం గీతకు, లేయర్ రంగునే తీసుకునే బైలేయర్ బదులు నేరుగా రంగు ఇచ్చి ఉండటం. రెండోది చాలాసార్లు డెఫ్‌పాయింట్స్ లేయర్ పని, దాని మీద గీసింది ప్రింటు కాదు. ఖాళీగా కనిపించే లేయర్ డిలీట్ కాకపోతే, ప్లాన్‌లో ఎక్కడా వాడని ఏదో బ్లాకు నిర్వచనంలో దాని గీత మిగిలి ఉందేమో చూడాలి. లోపలి బ్లాకులతో సహా, వాడనివాటిని తుడిచేసే పర్జ్ చేస్తే అది పోతుంది. తొందరపడి, లేయర్‌ని బలవంతంగా తొలగించే లేడెల్ కమాండ్ వాడితే ఆ లేయర్‌తో పాటు బ్లాకుల్లో ఉన్న దాని గీతలూ పోతాయి. వాడుకలో ఉన్న కిటికీల్లో అద్దం గీత ఆ లేయర్‌లో ఉంటే, ప్లాన్‌లోని కిటికీలన్నిటికీ ఒక్కసారిగా అద్దాలు పోయినట్టే.

ఇది ఆఫీసు గోడల మధ్య సమస్య మాత్రమే కాదు. భవన అనుమతికి ఇచ్చే డ్రాయింగుల్ని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కూడా పరిశీలిస్తోంది. ఏది ప్లాటు హద్దు, ఏది కట్టడం అన్నది లేయర్ పేరుని బట్టి పోల్చుకునే చోట, గీత తప్పు లేయర్‌లో ఉంటే లెక్కే మారిపోతుంది. ఇల్లు కట్టుకునేవాళ్లు అనుమతి కోసం తిరగాల్సి వస్తుంది.

అందుకని నేను కోరేది కొత్త సబ్జెక్టు కాదు. క్యాడ్ ల్యాబ్ పరీక్షలో ఒక ప్రశ్న మార్చండి. కావాలని లోపాలు పెట్టిన ఫైలు ఇవ్వండి. బేసిన్ ఎందుకు పోవడం లేదు, గీత ఎందుకు ప్రింటు కావడం లేదు, కారణం రాసి సరిచేయమనండి. ఏమీ పగలగొట్టకుండా సరిచేసినవాళ్లకు ఎక్కువ మార్కులివ్వండి. పరీక్షలో వస్తే ల్యాబ్‌లో నేర్పుతారు, ఇది మీకు తెలియంది కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ ఎస్‌పీ 46 ప్రకారం గీతలు, అక్షరాలు నేర్పినట్టే, లేయర్లకు పేర్లు పెట్టే పద్ధతినీ నేర్పించండి. దానికి ఐఎస్ఓ 13567 అనే అంతర్జాతీయ ప్రమాణం 1998 నుంచీ ఉంది. ఖర్చు అడ్డం కాదు. విద్యార్థులకు ఆటోడెస్క్ తన సాఫ్ట్‌వేర్‌ని ఉచితంగానే ఇస్తోంది. జడ్‌డబ్ల్యూక్యాడ్, బ్రిక్స్‌క్యాడ్ లాంటివాటిలోనూ బ్లాకుల సూత్రం ఇదే కాబట్టి నేర్చుకున్నది ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది.

ముందు ల్యాబ్ అధ్యాపకులకు దీని మీద చిన్న శిక్షణ పెట్టండి. అలాంటి లోపాల ఫైళ్లు తయారుచేసి ఇవ్వడానికి నాలాంటి వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పిలిస్తే వస్తాం, డబ్బు అడగం. వచ్చే విద్యా సంవత్సరం ప్రశ్నపత్రాలు తయారయ్యే లోపే ఈ మార్పు చేయమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక డ్రాఫ్ట్స్‌మన్