కోనసీమ తోటలు: బిట్లు కలిస్తే లాభం ఎవరికి?

కొబ్బరికాయకు అంబాజీపేటలో మార్కెట్ ఉన్నది. కాయ కాసే భూమికి అటువంటి బహిరంగ మార్కెట్ లేదు. అమ్మేవాని అవసరం, కొనేవాని పట్టుదల, మధ్యవర్తి మాట కలిసి ధర తేలుస్తున్నాయి. పక్కపక్క బిట్లను కలిపి కొనే బేరాల్లో ఈ లోపం చిన్న రైతుకే నష్టం తెస్తున్నది.

గౌతమి, వశిష్ఠ పాయల నడుమనున్న ఈ సీమలో అన్నదమ్ముల పంపకాలతో తోటలు సెంట్లలోకి దిగాయి. ముందు బిట్టు రోడ్డును ఆనుకొని ఉంటే వెనుక బిట్టుకు బండి వెళ్లే దారి ఉండదు. దింపిన కాయను కూలీలచేత మోయించాలి. ఆ ఖర్చు రైతు రాబడిలో కోతే. కనుక దాని ధర తక్కువ.

లెక్క కోసం ముందు 60 సెంట్లకు సెంటు 100 రూపాయలు, వెనుక 40 సెంట్లకు సెంటు 60 రూపాయలు అనుకొందాం. విడివిడిగా మొత్తం విలువ 8,400. రెండూ కలిసి సెంటు 95 పలికితే 9,500. పెరిగిన 1,100 రూపాయలు కలయిక వల్ల వచ్చినవి. వెనుక రైతు 2,400కే అమ్మితే అదంతా ముందు రైతుదే. దారిలేని బిట్టుకు పక్క రైతు తప్ప వేరే గిరాకీ ఉండదు గనుక సాధారణంగా జరిగేది ఇదే. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు పోగా మిగిలిన లాభంలో సగం అడగడం వెనుక రైతుకు అన్యాయమైన కోరిక కాదు.

అయితే బిట్లు కలిసినంత మాత్రాన ధర పెరగదు. దారి, నీరు, ఆకారం వంటి లోపం తీరినప్పుడే పెరుగుతుంది. అమలాపురం వంటి పట్టణాల అంచున ఇళ్ల స్థలాలకు గిరాకీ ఉన్నచోట లెక్క తలక్రిందులు. అక్కడ చిన్న బిట్టుది చిల్లర ధర, పెద్ద బిట్టుది టోకు ధర.

అమ్మకమే శరణ్యం కూడా కాదు. పంపకమైన భూమికి అత్యవసరమైన దారి హక్కును 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం గుర్తిస్తున్నది. పంపకం నాడే పత్రంలో దారిని కొలతలతో వ్రాయించుకొంటే కోర్టు ఖర్చు తప్పుతుంది. రైతులు పరస్పరం బిట్లు మార్చుకోవచ్చు. ఎవరి హక్కు వారు ఉంచుకొని దింపు, రవాణా ఉమ్మడిగా చేయించుకోవచ్చు.

కాయ ధర తగ్గితే తరువాతి దింపుకు కోలుకోవచ్చు. భూమి ఒకసారి తక్కువకు పోతే మరో దింపు ఉండదు. బేరానికి కూర్చునే ముందు వెనుక బిట్టు రైతు కలయిక లెక్క వేసుకోవడం అవసరం.